కూర్చున్నప్పటి మోకాలు

2002వ సంవత్సరం. జంగారెడ్డిగూడెం బస్టాండుకి ఎదురుగా నా జెంట్స్ టైలరింగ్ షాపు. అప్పటికి నేను కత్తెర పట్టి ఇరవై ఏడేళ్ళు. పోలీసు యూనిఫారాలు, బస్సు డ్రైవర్ల ఖాకీలు, పెళ్ళికొడుకుల సూట్లు కుట్టాను గాని, ఆడవాళ్ళ బట్ట ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. షాపు వెనక రెండు గదుల్లో మా కాపురం. మా ఆవిడ అక్కడ జాకెట్లు కుట్టేది. ఆడవాళ్ళు పక్క సందులోంచి లోపలికి వెళ్ళి ఆమెకే ఇచ్చి పోయేవారు.

హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ నేను రోజూ డైరీ రాస్తాను. ఆ ఏడాది డైరీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. మా పని గురించి తెలుసుకోవాలనుకునే వారికి బాగా కుదిరిన సూటు గురించి చెప్పవచ్చు. కాని ఇన్నేళ్ళ పనిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఒక జీన్సు ప్యాంటు.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం షాపు ముందు మోటారు సైకిలు ఆగింది. నడుపుతున్నది ఒక అమ్మాయి. చున్నీని నడుముకి బిగించి కట్టుకుంది. ముంజేతి మీద మానుతున్న గీరుడు గాయం. పేరు సత్యవేణి, సొంతూరు కొవ్వూరు. ఇక్కడ గది అద్దెకు తీసుకుని పామాయిల్ కంపెనీలో ఫీల్డు అసిస్టెంటుగా చేస్తోంది. తోటతోటకీ తిరిగి చెట్లకు తెగులుందేమో చూడటం, గెలలు ఎప్పుడు కొయ్యాలో రైతులకు చెప్పడం ఆమె పని.

"మాస్టారూ, నాకొక జీన్సు ప్యాంటు కుట్టాలండి. బండి మీంచి పడినా తోలు లేవకూడదు."

"పడటం దేనికమ్మా, నెమ్మదిగా నడుపుకోక?"

"నేను నెమ్మదిగా నడిపినా తోటల్లో గ్రావెల్ ఊరుకోదండి. ఈ నెల్లో రెండుసార్లు పడ్డాను. మొన్నయితే డ్రెస్సు తొడ దగ్గర మొత్తం చిరిగిపోయింది. రైతుగారి భార్య తన చీర ఇస్తే కట్టుకుని వచ్చాను. ఆ చీరతో గేర్లు మార్చుకుంటూ ఇల్లు చేరేసరికి నా పని అయిపోయింది."

పక్కనే టీ కొట్టు అప్పారావు ఊరుకునే మనిషి కాదు. "ఏంటి మాస్టారూ, ఆడపిల్లలకి ప్యాంట్లు మొదలెట్టారా? ఇంక మాకు చీరలిస్తారన్నమాట!" అన్నాడు.

సత్యవేణి అటు తిరిగి, "మీకు ఏ రంగు బావుంటుందో చెప్పండి బాబాయ్‌గారూ, నేనే కొనిపెడతాను. ముందు ఆ టీలో కాసిని పాలు పొయ్యండి" అంది. కొట్టు దగ్గర బెంచీల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అప్పారావు కూడా నవ్వాడు.

నవ్వు తగ్గాక ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "ఫీల్డుకి ఆడపిల్లని వేయడం మా కంపెనీలో ఇదే మొదటిసారండి. బండి నడపగలనని కాగితం రాసిచ్చి చేరాను. మళ్ళీ పడ్డానని తెలిస్తే ఆఫీసులో కూర్చోబెడతారు. నాకు ఆ తోటల్లో తిరగడమే ఇష్టం మాస్టారూ."

రాజమండ్రిలో ఆడపిల్లల జీన్సులు దొరుకుతాయి కదా అన్నాను. చూశానంది. సాగే గుడ్డ, పల్చన, చూపుకి బావుంటాయి గాని గ్రావెల్ మీద జారితే కాగితంతో సమానం. మగవాళ్ళవి మందంగా ఉంటాయి గాని ఆమెకి నడుము దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు. వంగి బండెక్కితే వెనక నడుము పట్టీ కిందికి దిగిపోతుంది.

అలాంటి పని నా చేతికి అంతకుముందు రాలేదు. ఉత్సాహం వచ్చింది. ఆ రాత్రి డైరీలో బొమ్మ గీసుకున్నాను. గుడ్డ పద్నాలుగు ఔన్సుల డెనిమ్. ఔన్సు అంటే గుడ్డ బరువు. ఎంత ఎక్కువైతే అంత మందం. తుంటి పక్కల, వెనక, మోకాళ్ళ దగ్గర రెండు పొరలు. మామూలు జీన్సుకి కాలి లోపలివైపు లావుపాటి కుట్టు వస్తుంది. రోజంతా బండి మీద ఉండే మనిషికి అది ఒరుసుకుని పుండవుతుంది. అందుకని అది పల్చగా ఉండాలి. వెనక రైజ్, అంటే నడుము పట్టీ నుంచి కాళ్ళ మధ్య కుట్టు దాకా ఉండే ఎత్తు, రెండంగుళాలు పెంచాలి. కూర్చుంటే ప్యాంటు పైకి లేచి చీలమండలు బయటపడతాయి కాబట్టి కాళ్ళ పొడవూ పెంచాలి. మోకాళ్ళ దగ్గర లోపల జేబుల్లాంటివి కుట్టి, చెప్పుల అడుగుకి వాడే రబ్బరు షీటు, దానికింద స్పాంజి కలిపి ప్యాడ్ పెట్టాలి. ఉతికేటప్పుడు తీసేసుకోవచ్చు.

మర్నాడు ఆమె వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. చాలా సంతోషించింది. చేతులు కొద్దిగా ఎత్తి నిలబడి, "కొలవండి మాస్టారూ" అంది.

టేపు నా మెడలోనే ఉంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఆది ఉంటే తెచ్చివ్వమ్మా, చాలు."

ఆది అంటే అప్పటికే ఒంటికి సరిపోతున్న పాత బట్ట. దాన్ని బల్ల మీద పరిచి కొలతలు తీసుకుంటాం. మా వైపు మగ టైలరు ఆడవాళ్ళ ఒంటికి టేపు తాకించడం అప్పట్లో లేదు. ఎవరూ చెప్పక్కర్లేని మర్యాద అది.

"మా తమ్ముడి ప్యాంటు ఒకటుందండి, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుని వేసుకుంటున్నాను. అది నాకు సరిగ్గా పట్టదు కదా. మీరు కొలిస్తేనే మంచిది. నాకేం ఫర్వాలేదు."

"మాకు అలవాటు లేదమ్మా. ఆది ఉంటే వెంట్రుకవాసి తేడా రానివ్వను."

ఆ ప్యాంటే తెచ్చిచ్చింది. నడుము, తుంటి ఎంత మార్చాలో నోటితో చెప్పింది. నేను రాసుకున్నాను. మోకాలి గుర్తు మాత్రం మా లెక్క ప్రకారం వేశాను. ఇన్‌సీమ్, అంటే కాలి లోపలి పొడవు, దాన్ని సగం చేసి రెండంగుళాలు పైకి జరిపితే మోకాలు. నిలబడిన మనిషికి ఆ లెక్క తప్పదు.

డ్రైవర్లకి కుట్టేటప్పుడు నేను ఇంకో పని చేసేవాణ్ణి. స్టూలు మీద కూర్చోబెట్టి మోకాలు ఎక్కడికొస్తుందో మళ్ళీ కొలిచేవాణ్ణి. కూర్చుంటే ముందువైపు గుడ్డ తొడ మీదికి జరుగుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా రోడ్డు వైపు తెరిచి ఉన్న షాపులో, ఎదురుగా అంతమంది టీ తాగుతుండగా, ఒక అమ్మాయిని స్టూలుకి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోమనడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడని పిలవాలని కూడా తోచలేదు.

పది రోజుల్లో ప్యాంటు తయారైంది. మా ఇంట్లో గదిలోకి వెళ్ళి వేసుకుని వచ్చింది. నిలబడితే ప్యాడ్లు సరిగ్గా మోకాలి చిప్పల మీద ఉన్నాయి. అటూ ఇటూ నడిచింది. "పోలీసు ఇనస్పెక్టరులా ఉన్నాను కదండీ" అని నవ్వింది. ఆ రోజు డైరీలో, "సత్యవేణి గారి జీన్సు ఇచ్చాను. పని సంతృప్తిగా వచ్చింది" అని రాసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది.

"అంతా బావుందండి. ఎండకి కాస్త చెమట పడుతోంది గాని, అది నేను ఓర్చుకుంటాను. కాని బండెక్కగానే ఈ ప్యాడ్లు పైకి పోతున్నాయేంటండి?"

"కొత్త గుడ్డ కదమ్మా, బిర్రుగా ఉంటుంది. రెండు ఉతుకులు పడితే అదే సర్దుకుంటుంది."

"ఒకసారి బండి మీద కూర్చుని చూపించనా? మీరే చూద్దురుగాని."

బండి టీ కొట్టు ముందే ఉంది. బెంచీల మీద జనం నిండుగా ఉన్నారు.

"అక్కర్లేదమ్మా. నేను చెప్తున్నాను కదా, సర్దుకుంటుంది."

"సరేనండి. మీకు తెలియనిదా" అని వెళ్ళిపోయింది.

ఈ మాటలు నా డైరీలో లేవు. ఆ రోజు పేజీలో ఎండ గురించి, కరెంటు కోత గురించి రాసి ఉంది.

తొలకరి వానలు మొదలైన వారానికి అప్పారావు షాపులోకి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు అతని నోట వేళాకోళం లేదు. "మాస్టారూ, ఆ బండి అమ్మాయి పడిపోయిందంట. రాజమండ్రి తీసుకుపోయారు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఎముకల ఆసుపత్రిలో పై అంతస్తులో ఉంది. ఎడమ కాలికి తొడ నుంచి మడమ దాకా కట్టు. కొవ్వూరు నుంచి వచ్చిన వాళ్ళమ్మగారు పక్కన కూర్చుని ఉన్నారు. తోటలోంచి బయటికొచ్చే మలుపులో బండి ఎడమవైపు ఒరిగిపోయి, చాలా దూరం ఈడ్చుకుపోయిందట. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. ఆపరేషన్ చేసి ముక్కల్ని తీగతో కలిపి కట్టారు.

నేను ఎవరో తెలియగానే వాళ్ళమ్మగారు లేచి రెండు చేతులూ జోడించారు. "మీరేనా బాబూ! ఆ ప్యాంటే లేకపోతే తొడమీద కండ ఉండేది కాదని డాక్టరుగారు అన్నారు. మీ చేతి చలవ."

సత్యవేణి మందుల మత్తులో ఉంది. కళ్ళు తెరిచి, "మీ కుట్లు ఒక్కటి కూడా ఊడలేదు మాస్టారూ" అంది.

కోసి తీసేసిన ప్యాంటు మంచం కింద పాలిథిన్ సంచిలో ఉంది. వాళ్ళమ్మగారిని అడిగి వరండాలోకి తీసుకెళ్ళి చూశాను. తుంటి పక్క పైపొర అరిగిపోయింది; లోపలి పొర నిలిచింది. మోకాలి ప్యాడ్ చేత్తో తడిమాను. దాని మీద చిన్న గీత కూడా లేదు. దానికి కింద, రెండు పొరలు ఆగిపోయిన చోటి నుంచి, గుడ్డ చిల్లుపడి ఉంది. చిల్లుకి, ప్యాడ్ మధ్యకి దూరం నాలుగు వేళ్ళు. నేను పెట్టిన ప్యాడ్ తొడ మీద క్షేమంగా ఉంది. మోకాలు దాని కింద ఏ అడ్డూ లేకుండా నేలకి తగిలింది.

సంచి మళ్ళీ మంచం కింద పెట్టేశాను. ఆ తల్లి ఇచ్చిన కాఫీ తాగాను. ఆమె ఇంకోసారి దండం పెడితే నేనూ దండం పెట్టి వచ్చేశాను. ఒక్క మాట చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడతో చెప్పాను. "గోడకి అటు నేనే ఉన్నాను కదండీ. ఒక్క కేక వేస్తే టేపు నేను పట్టుకునేదాన్ని" అంది. ఇరవై ఏడేళ్ళ అనుభవంలో నాకు తట్టనిది అది.

ఆరు నెలల తర్వాత సత్యవేణి బస్సు దిగి, చేతికర్రతో రోడ్డు దాటి వచ్చింది. మోకాలు సగం కంటే ఎక్కువ మడవటం లేదు. ఎడమ కాలితో గేరు వేయలేకపోతోంది కాబట్టి బండి తమ్ముడికి ఇచ్చేసింది. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళే, ఉద్యోగం తీసేయలేదు, ఆఫీసులో కూర్చోబెట్టారు. మోకాలు వాచి డ్రెస్సుల బాటములు పట్టేస్తున్నాయని, వదులు చేయించుకోవడానికి వచ్చింది. మా ఆవిడ బయటికొచ్చి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి టేపు పట్టింది.

ఆ పని అయ్యేదాకా ఆగి, నేను ఆమె ఎదురుగా నిలబడి చెప్పాను. "అమ్మా, మీ మోకాలు పోవడంలో తప్పు నాది. ప్యాడ్ నాలుగు వేళ్ళు కిందికి ఉండాలి. మిమ్మల్ని కూర్చోబెట్టి చూడాల్సింది. చూడలేదు. ఆసుపత్రిలోనే చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆమె కోప్పడలేదు.

"నేను చెప్పాను కదండీ మాస్టారూ, పైకి పోతోందని."

"చెప్పారమ్మా."

"సర్దుకుంటుందన్నారు. పెద్దవారు, మీకంటే నాకు తెలుసా అనుకున్నాను. రెండు ఉతుకులు వేశాను. నాలుగూ వేశాను. మళ్ళీ వచ్చి చెప్తే విసుక్కుంటారేమోనని నేనే సర్దుకోవడం మొదలెట్టాను. పైకి జరిగినప్పుడల్లా బండి నడుపుతూనే ఎడమ చేత్తో కిందికి లాక్కునేదాన్ని."

ఆమె లేచి, మా ఆవిడకి వెళ్ళొస్తానని చెప్పి, కర్ర ఊతంతో మెట్టు దిగింది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు షాపు నడిపాను. బండ్లు నడిపే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. బ్యాంకు అమ్మాయిలు, టీచర్లు, నర్సులు వచ్చి ప్యాంట్లు కుట్టించుకున్నారు. షాపు లోపల తెర కట్టించాను. తెర వెనక మా ఆవిడ వాళ్ళని స్టూలుకి రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోబెట్టి, మోకాలు కొలిచి, అంకె పైకి చెప్పేది. ఎవరైనా బట్ట తిరిగి తెచ్చి ఫలానా చోట ఇబ్బందిగా ఉందంటే, వాళ్ళ మాటను వాళ్ళు అన్నట్టే కొలతల పుస్తకంలో రాసుకుని, ఆ పూటే విప్పి చూసేవాణ్ణి. సర్దుకుంటుంది అనే మాట మళ్ళీ అనలేదు. నేను మర్యాద అనుకున్నదాంట్లో సగం, ఎదురు బెంచీల మీది వాళ్ళు నా గురించి ఏమనుకుంటారోనన్న భయమేనని ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆమెను ఇప్పటికీ ఒక్కటి అడగాలి. ఆ రోజు మలుపులో బండి ఒరిగినప్పుడు ఆమె ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఉందా, మోకాలి మీద ఉందా? బస్టాండులో ఆమె నాకు ఎన్నోసార్లు ఎదురైంది. ఎదురైన ప్రతిసారీ, "బాగున్నారా అమ్మా" అని మాత్రమే అడిగాను.