మూడు రౌండ్లు ఎక్కువ

జమున తన చేతులతో చేసిన, చక్రాల మీద నడిచే కరెంటు పలక మొదటిసారి కదిలిన రోజున, దాని మీద నిలబడ్డ భర్త సుధాకర్‌ను ఉన్నచోటే వదిలేసి, అతని ఎడమకాలి చెప్పును మాత్రం తీసుకొని పోయింది. పక్కింటి కమలవ్వ వాకిట్లో, గడప ముందు చెప్పును దింపి, తాను మంచం కిందికి దూరి ఆగింది. లోపలి నుంచి వచ్చిన కమలవ్వ గడప దగ్గర చెప్పు చూసి, వరసకు అల్లుడైన సుధాకర్ వచ్చాడనుకొని చాయ్ పెట్టింది. సుధాకర్ చేరేసరికి అది ఇంకా వేడిగానే ఉంది. కూర్చొని తాగాడు.

"ఒక్క చెప్పుతోని తిరుగుతున్నవేంది అల్లుడా?" అని ఆమె అడిగింది.

"కాలు నొప్పి చిన్నవ్వా," అన్నాడు.

అది అబద్ధం కాదు. అసలు ఆ పలక పుట్టిందే అతని మడమల నొప్పి వల్ల. జమ్మికుంటలో అతను తూకం చూసే కాంటా గుమాస్తాగా ఉన్న పత్తి మిల్లు మూతపడ్డాక, పోయినేడు ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో పని దొరికింది. అక్కడ కాంటా గది గేటు దగ్గర, పత్తి కుప్పలు ఆవలి గోడ దగ్గర. పోయి రావడం ఒక రౌండు, ఆరు వందల మీటర్లు. రోజుకు ఇరవై రౌండ్లు. సీజను అయిపోయి ఇంటికి వచ్చిన మనిషి మంచం దిగేటప్పుడు మూడుసార్లు ఆలోచించి దిగేవాడు.

జమునది మోటారు వైండింగ్ షాపు. బాపు దగ్గర నేర్చిన పని. కాలిన బావి మోటారు విప్పి ఒకసారి వాసన చూస్తే, అది నీళ్లు లేకుండా ఎంతసేపు తిరిగిందో ఆమెకు తెలిసిపోతుంది. "ఇప్పుడే కాలింది అక్కా" అని రైతు అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మోటారు చెప్పింది ఆమె విన్నది, అంతే.

వానాకాలం గిరాకీ లేని రోజుల్లో, ఫోనులో ఎవరో కుర్రాళ్లు తొక్కే స్కేట్‌బోర్డు చూసి, సుధాకర్‌కు అలాంటిది చేయాలనుకుంది. పలక టేకుది. మోటారు పాత బ్యాటరీ సైకిలుది. బ్యాటరీకి పాడైపోయిన స్కూటర్ డబ్బాలోంచి మంచి సెల్లులు ఏరి కూర్చింది. అది ముప్పై ఆరు వోల్టులు, నూట ఎనభై వాట్ అవర్లు. మొత్తం పిండితే సెల్లులు దెబ్బతింటాయి కాబట్టి నూట నలభై నాలుగే వాడాలి. సుధాకర్‌ను ఎక్కించి మార్కెట్ యార్డు సిమెంటు మీద పదిసార్లు తిప్పి చూస్తే కిలోమీటరుకు పన్నెండు వాట్ అవర్లు తాగింది. అంటే పన్నెండు కిలోమీటర్లు, సరిగ్గా ఇరవై రౌండ్లు. మనిషి డెబ్బై ఎనిమిది కిలోలు, పలక పది. ఇదంతా ఒక అట్టముక్క మీద రాసి షాపు గోడకు మేకు కొట్టింది.

అక్టోబరు ఆఖరున సుధాకర్ పలకను సంచిలో కట్టుకొని ఆదిలాబాద్ బస్సెక్కాడు. రోజూ సాయంత్రం ఫోను.

"తిన్నవా?"

"తిన్న."

"ఎన్ని రౌండ్లు?"

"ఇరవై. నీ లెక్క తప్పుతదా?"

డిసెంబరు చివర్లో ఒకరోజు ఫోనులో అతని గొంతు సంబరంగా ఉంది.

"ఇయ్యాల ఇరవై మూడు కొట్టింది జమునా. పత్తి ఎక్కువొస్తున్నది, వారం నుంచి గట్లనే పోతుంది. నువ్వు ఇరవై అన్నవ్. నీ చేతిల ఏదో ఉన్నది."

జమున ఒక్క క్షణం మురిసింది. తరువాత లెక్కలోకి దిగింది. సెల్లులు పాతవి. పైగా అక్కడి చలి. చలికి బ్యాటరీ దిగాలి గానీ పెరగదు. పద్దెనిమిది వచ్చినా ఆమె ఒప్పుకునేది.

"నెమ్మదిగ నడుపుతున్నవా?"

"లే, ఎప్పటి లెక్కనే."

"రౌండ్లు తప్పు లెక్కవెట్టినవేమో."

"కాంటా గుమాస్తాను వట్టుకొని గా మాటంటవా?"

"చక్రాలు మార్చినవా?"

"మార్చలే."

"మరి పలక మీద ఏమన్న బరువు దించినవా?"

"ఏం దించుత? మీద నేనొక్కన్నే గదా ఉండేది."

జమున గోడ మీది అట్టముక్క వైపు చూసింది.

"తిన్నవా?" అంది.

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"అన్నం."

"కూర?"

కొంచెం ఆలస్యంగా, "కూర గూడ," అన్నాడు.

ఫోను పెట్టేసి ఆమె లెక్కను వెనకనుంచి ముందుకు చేసింది. బరువు తగ్గితేనే పలక కరెంటు తక్కువ తాగుతుంది; ఇరవై మూడు రౌండ్లు రావాలంటే ఎనభై ఎనిమిదికి బదులు మొత్తం బరువు డెబ్బై ఆరున్నర కిలోలే ఉండాలి. పలకవి పది తీసేస్తే అరవై ఆరున్నర. ఆ అంకె పక్కన ఏం రాయాలో తోచక పెన్సిలు చెవి మీద పెట్టుకొని కూర్చుంది.

తెల్లారి మళ్లీ ఫోను చేసింది. "గా పత్తి బేళ్లు తూచే కాంటా మీద నిలబడి ఫోటో పంపు."

గంటకు ఫోటో వచ్చింది. కాంటా మీద రెండు కాళ్లు, ముందు ఎర్రటి అంకెలు. డెబ్బై ఎనిమిది, ఒక్క గ్రాము అటూఇటూ లేదు.

"కాళ్లచ్చినయ్. మనిషేడి?" అని ఆమె ఫోను చేసి అడిగింది.

"అంకె కనవడాలంటే గట్లనే తియ్యాలె."

"ఇరవై ఏండ్ల సంది కాంటా కాడ ఉన్నవ్. గింత సక్కటి అంకె ఎన్నడన్న చూసినవా?"

"లారీ వచ్చింది, మళ్ల చేస్త," అని అతను ఫోను పెట్టేశాడు.

షాపులో తొమ్మిది కాలిన మోటార్లు వరుసగా ఎదురుచూస్తున్నాయి. చలికాలపు యాసంగి పంటకు నాట్ల కాలం. జమున వాటి మీద గోనెపట్టా కప్పి, షట్టరు దించి ఆదిలాబాద్ బస్సెక్కింది.

మిల్లు గేటు దగ్గర ఎదురైన, బేళ్లు కట్టే ప్రెస్సు మిషన్ నడిపే రంజిత్ ఆమెను చూసి సంబరపడ్డాడు. "అక్కా, నిన్న ఫోటో తీసింది నేనే. బావ పత్తిగింజల సంచి ఎత్తుకొని నిలవడ్డడు. గ్రాము గ్రాము తీసేస్తడు, పోస్తడు. ఏం పోటీ అక్కా అది?"

అప్పుడే సుధాకర్ పలక మీద జారుతూ వచ్చాడు. చొక్కా ముందు వచ్చింది, మనిషి వెనక వచ్చినట్టుంది. ఆమెను చూసి దిగడం మరిచిపోయి, కాంటా గది గోడను నెమ్మదిగా తాకి ఆగాడు.

ఆమె అతన్ని బేళ్ల కాంటా మీదికి ఎక్కించింది. అరవై ఆరు కిలోల ఆరు వందల గ్రాములు. అంత దూరంలో గోడ పక్కన కూర్చొని చేసిన లెక్కలో తేడా వంద గ్రాములు.

అతను ఉండే గదిలో గిన్నె మాడు లేకుండా మెరుస్తోంది. నెల కింద కొన్న బియ్యం సంచి మూతి కుట్టు కూడా విప్పలేదు. పోయినేడు ఇద్దరికీ కలిపి వండిన తోటి గుమాస్తా పరశురాములు ఈ ఏడు రాలేదట. ఆ సంగతి ఇంటికి చేరలేదు. తిండికి బదులు చాయ్, బిస్కెట్లు మాత్రం సుధాకర్‌కు చేరుతున్నాయి.

"ఒక్క రైతు కాడ కిలో తేడా చెయ్యలే నువ్వు," అంది జమున. "నా కాడికొచ్చేసరికి పదకొండు కిలోలు వెట్టినవ్."

"నువ్వు పరేషాన్ అయితవని."

"ఎందుకు తింటలేవు?"

సుధాకర్ గిన్నె అంచు మీద వేలు తిప్పాడు. "మొదట్ల వండుకున్న. ముందట వెట్టుకొని కూసుంటే, కూరల ఉప్పెక్కువైందని చెప్పెటందుకు మనిషి లేకపాయె. తినబుద్ధి కాలే."

ఆమె చీర కొంగుతో ఆ మెరిసే గిన్నెను మళ్లీ తుడిచింది. తరువాత బియ్యం సంచి కుట్టు విప్పింది.

మూడు రోజులుండి తిరిగి వచ్చాక ఒక పద్ధతి మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు జమున వీడియో కాల్ చేసి, ఒక కాలిన మోటారుకు ఫోను ఆనించి, దాని ముందు టిఫిన్ డబ్బా విప్పుతుంది. అవతల సుధాకర్ తన గిన్నె చూపించాలి. ముద్ద కనపడాలి. షాపుకు వచ్చిన రైతులు మోటారు సంగతి అడిగే ముందు, "బావ ఇయ్యాల ఏం కూర వండిండు?" అని అడగడం నేర్చుకున్నారు. బెండకాయ జిగురు పోవాలంటే ఏం చేయాలో ఒకాయన ఫోనులోకి వంగి చెప్పి, మోటారు సంగతి మరిచి పోయాడు కూడా.

సంక్రాంతి దాటాక ఇరవై రెండు రౌండ్లు వచ్చాయి. ఫిబ్రవరిలో ఇరవై ఒకటి. సుధాకర్ అంకె చెప్పినప్పుడల్లా జమున అట్టముక్క మీద గీత పెట్టేది.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం అతను నోటి నిండా అన్నంతోనే మొరపెట్టుకున్నాడు.

"ఏం పలక చేసినవే, మళ్ల ఇరవైకే ఆగిపోతుంది. నీ బ్యాటరీ పని అయిపోయినట్టే."

"బ్యాటరీ మంచిగనే ఉన్నది, నువ్వే లెక్కకు వచ్చినవ్."