నేను గీసిన నిచ్చెన

సముద్రంలో గాలిమరలను నిలబెట్టే ఉక్కు కట్టడాలకు డ్రాయింగులు గీసే సీనియర్ ఇంజనీర్ని నేను. పద్దెనిమిదేళ్లు ఏసీ గదిలో కూర్చునే సముద్రాన్ని జయించాను. పోయిన ఏడాది మొదటిసారి, గాలి వేగం కొలవడానికి మా కంపెనీ నీళ్లలో కట్టిన స్తంభాన్ని చూడటానికి జువ్వలదిన్నె రేవు నుంచి పడవలో వెళ్లాను.

వెళ్లినప్పుడు సముద్రం పోటు మీద ఉంది కాబట్టి స్తంభానికున్న నిచ్చెన సులువుగానే ఎక్కాను. పని ముగించి దిగేసరికి నీళ్లు తగ్గి, పడవ బాగా కిందికి పోయింది. చివరి మెట్టు మీద నుంచి కాలు చాపితే ఏమీ తగల్లేదు. అంతలో కాలు జారి, రెండు చేతులతో వేలాడాను. చర్చికి ఎగ్గొట్టిన ఆదివారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

కింద నుంచి పడవ నడిపే పోలయ్యన్న అడిగాడు.

"ఈ నిచ్చెన గీసినోడు ఎవురు మేడం? సముద్రం మొకం చూసినోడేనా?"

"ఎవరో ఇంజనీరులే అన్నా."

"వాణ్ణి తెచ్చి ఇట్నే యాలాడదీయాల."

"యాలాడతా ఉండేది ఆ ఇంజనీరే అన్నా. ముందు నన్ను పట్టుకో."

అల పడవను పైకి లేపగానే ఆయన నన్ను ఒడిసిపట్టి వలల కుప్ప మీద పడేశాడు. ఒడ్డు చేరేదాకా నవ్వుతూనే, నిచ్చెన ఇంకా ఎంత కిందికి ఉండాలో చేతులతో కొలిచి చూపించాడు. ఆ ప్రకారమే మూడు మెట్లు కలిపి కొత్త డ్రాయింగ్ ఇచ్చాను.

ఈ సలహా ఇచ్చినాయన ఏం చదివాడని మీటింగులో మా పై అధికారి అడిగారు.

"తెలియదండీ. నేను పడిపోతుంటే పట్టుకున్నాడు" అన్నాను.

అంతకన్నా పెద్ద డిగ్రీ ఉందని నేనైతే ఇప్పటికీ నమ్మను.