స్కాన్ గదిలో పసుపుతాడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నన్ను తాయెత్తు కట్టించుకోమనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండు వేల ఏడు ప్రాంతం. కోయిలకుంట్లలో మాది కిరాణా అంగడి. ఒక పొద్దున అమ్మ మంచం దిగబోయి తూలి పడింది. ఒకటే వాంతులు. నేను ఇద్దరిగా కనపడుతున్నానంది. కర్నూలుకు తీసుకుపోతే మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ తేలలేదు. చెవిలో తేడా అయ్యుంటుంది, ఇంటికి పొమ్మన్నారు.

నేను పోలేదు. పెద్ద డాక్టరు వచ్చేదాకా కూర్చున్నాను. ఆయన అమ్మను వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. వేలు చెంపకు పోయింది. మెదడు వెనక భాగానికి రక్తం అందడం లేదేమో, అది సీటీలో సరిగా కనపడదు, వెంటనే ఎమ్మారై తీయాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నాడు.

అక్కడ వచ్చింది చిక్కు. ఒంటి మీద లోహమేదీ ఉండకూడదు. కమ్మలు, మెట్టెలు, చివరికి పుస్తెలు కూడా తీయాలి.

మాతో వచ్చిన మేనత్త అడ్డం పడింది. "మా అన్న గుండ్రాయి మాదిరుండంగ వదిన మెడ బోసిగా పెడ్తావా? పసుపుకొమ్మన్నా కట్టకుండా తీసేది యాడన్నా ఉండాదా?"

బజారుకు మనిషిని పంపి పసుపుకొమ్ము తెప్పిద్దామంది. అప్పటికే అమ్మకు మాట ముద్దగా వస్తోంది. నాకు ఒళ్లు మండింది. "నాన్నకేమన్నా అయితే నన్నడుగు" అని నేనే పుస్తెలు తీసి, లోపలికి పోవాలని తీసిన నా గాజులతో పాటు అత్త ఒళ్లో పడేశాను.

బోసి మెడతోనే అమ్మను బల్ల మీద పడుకోబెట్టాను. తలకు బోనులాంటిది బిగించి తలుపు మూశారు. స్కాన్ తీసే అతను, నేను, ఏడుస్తూ మా అత్త, ముగ్గురం అద్దానికి ఇవతలే ఉన్నాం. లోపలికి ఎవరూ పోలేదు.

బల్ల బయటికొచ్చేసరికి అమ్మ మెడలో పసుపుతాడు, దానికొక పసుపుకొమ్ము. తాడు ఇంకా తడిగా ఉంది. ముట్టుకుంటే నా వేళ్లకు పసుపు అంటింది.

"మీ జేజి కట్టింది. ఈడే నిలబడుకోనుండె" అంది అమ్మ. జేజి అంటే నాన్న వాళ్లమ్మ. చనిపోయి చాలా ఏళ్లయింది.

ఫిల్ములో మెదడు వెనక తెల్లటి మచ్చ స్పష్టంగా ఉంది. పక్షవాతంలో అదొక రకమట. వెంటనే మందులు మొదలుపెట్టారు. ఆ భాగం దెబ్బతింటే ఒక్కోసారి లేని మనుషులు కనపడతారని డాక్టరు చెప్పాడు. ఒప్పుకున్నాను. మరి తాడు సంగతేమిటంటే ఆయన అమ్మ నాడి చూసి పక్క మంచం దగ్గరికి పోయాడు.

అమ్మ బతికింది. కాస్త తూలుతుంది గానీ అంగట్లో కూర్చుని బేరాలాడుతుంది. నాన్నకు జలుబు కూడా చేయలేదు.

ఆ తాడు ఎవరు కట్టారో నాకిప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించను. అలాంటి పరిస్థితే మళ్లీ వస్తే మళ్లీ నా చేత్తోనే తీస్తాను. పుస్తెలు తీసినందుకు అత్త దెప్పిపొడిచినప్పుడల్లా ఒకటే అంటాను.

"కట్టింది మీ అమ్మే అనుకుందాం. కట్టి, స్కాన్ తీయనిచ్చింది గదత్తా. నీ మాదిరి అడ్డం పడలేదే!"