కొలంబస్ గట్టిగా ఉందన్నది నేనే

నోరు జారితే ఏమవుతుందో మన పెద్దలు చాలా చెప్పారు. నోరు తీపి చేసుకుంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది చెప్పే భాగ్యం నాకు దక్కింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా. నేను ఒకే ఒక్క అబద్ధంతో ఊరు ఊరంతటినీ పడవ ఎక్కించబోయాను. నీళ్ళలో పడవైనా బాగుండేది, ఈత వచ్చినవాళ్ళు ఈదుకుంటూ పోయేవాళ్ళు. ఇది గాల్లో పడవ.

మాదాపూర్‌లో ఒక పక్క బండలు పేలుస్తూ, ఆ పేలుళ్ళ మధ్యనే కంప్యూటర్లు పెడుతున్న రోజులవి. మధ్యాహ్నం అన్నం తింటుంటే బయట ధడేల్‌మనేది, సాంబారులో అలలు లేచేవి. "ఏం లేదు, ఇంకో కంపెనీ వస్తోంది" అనుకుని తినేసేవాళ్ళం. కాకినాడ నుంచి వచ్చి, అమీర్‌పేటలో కోర్సు చేసి, నేనూ ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. అందుకని గోడ గడియారం టిక్కుమన్నా ఉలిక్కిపడేవాణ్ణి.

అమెరికాలో ఒక పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కు ఉంది. అక్కడ టికెట్లు అమ్మే ప్రోగ్రాం మా కంపెనీ రాసింది. అది సరిగా ఉందో లేదో చూడడానికి ఆ పార్కు నుంచి నాన్సీ అనే ఆవిడ వచ్చింది. అరవయ్యేళ్ళుంటాయి. తాటిచెట్టంత పొడుగు, కత్తిరించిన తెల్లజుట్టు, బస్సు టైర్లలాంటి బూట్లు. ఒకచోట నిలవదు. మీటింగులో అందరూ కూర్చుని ఉంటే ఆవిడ మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ మాట్లాడేది. మేమంతా టెన్నిస్ ఆట చూస్తున్నట్టు తలలు తిప్పుకుంటూ వినేవాళ్ళం.

శనివారం సాయంత్రం మా ఎండీ ఓబుళరెడ్డిగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది ప్రొద్దుటూరు.

"ఏమప్పా శేషూ, రేపు ఆదివారం. ఆయమ్మ హోటల్లో కూర్చోలేనంటాంది. నువ్వు పిల్చుకోని పోయి ఊరు చూపిచ్చుకోని రా."

"నేనాండి? మీరుండగా..."

"ఆయమ్మ మాట్లాడతాంటే నోట్లో వేడి వంకాయ పెట్టుకున్నట్టుంటాది. నాకు ఒక ముక్క అర్థం కాదు. తల ఊపీ ఊపీ మెడ పట్టేసింది. నువ్వయితే ఇంగ్లీషు సినిమాలు చూస్తావు కదా. ఒకటే చెప్తా, ఇను. ఆయమ్మ మనసు నొచ్చుకోకూడదు. ఈడ మనోళ్ళ మనసూ నొచ్చుకోకూడదు. యాడా పేచీ రాకూడదు. నీ ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడదాం."

ఎవరి మనసూ నొప్పించకూడదట! ఆ ఒక్క ముక్కే నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్న అంబాసిడర్‌లో కూర్చుంటూనే నాన్సీగారు, "కోటలూ మ్యూజియంలూ వద్దు. మీ ఊళ్ళో మా పార్కులాంటిది ఉందా?" అంది. ఉందన్నాను. కోకాపేట అవతల, పొలాలకీ బండలకీ మధ్య అప్పట్లో ఒకటుండేది. పేరు చెప్పను. ఇప్పుడది లేదు, ఆ చోట ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లున్నాయి.

గేటు దగ్గర ఒక గుంపు ఇంకో గుంపు మీద వాలిపోయి ఉంది.

"వరుస ఎక్కడ?" అంది నాన్సీగారు.

"ఇదేనండి వరుస."

"దీనికి మొదలు ఎటు?"

"అది మాలో ఎవరికీ తెలియదండి."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలంటారు. నేను మంచమే లేకుండా చాపేశాను. జనంలోంచి దూరి గేటు మనిషి దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఈవిడ అమెరికాలో ఇలాంటి పార్కులన్నిటికీ పెద్ద. మీ పార్కు చూద్దామనే ఇంత దూరం వచ్చారు" అన్నాను. అతను నన్ను చూశాడు, ఆవిడ ఎత్తు చూశాడు, లోపలికి పరుగెత్తాడు.

కాసేపట్లో సఫారీ సూటు గుండీలు పెట్టుకుంటూ మేనేజరు వచ్చాడు. పేరు నర్సింగరావు. చేతిలో వాకీటాకీ. దాని జత ఎవరి దగ్గరుందో ఆ రోజంతా నాకు తెలియలేదు. ఆయన అందులో మాట్లాడేవాడు, అది గరగరమనేది, ఆయన తృప్తిగా జేబులో పెట్టుకునేవాడు.

"నమస్తే మేడం, నమస్తే! జర ముందుగాల చెప్తే బ్యాండు వెట్టిస్తుంటిమి గద!"

"ఈయనెవరు?" అని నన్ను అడిగింది నాన్సీగారు.

"మేనేజరండి. ఇక్కడ వచ్చినవాళ్ళందరికీ ఇలాగే నమస్కారం పెడతారండి."

అంటే లోపల అడుగు పెట్టకముందే అటొక అబద్ధం, ఇటొక అబద్ధం. ఆ రెండింటి మధ్య నేను, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడిలా. మూడో పడవ లోపల నాకోసం ఎదురుచూస్తోందని అప్పటికి తెలియదు.

చెప్పొద్దూ, మొదట్లో అంతా బ్రహ్మాండంగా జరిగింది. చెట్ల కింద దుప్పట్లు పరిచి కుటుంబాలకు కుటుంబాలు పులిహోర డబ్బాలు విప్పుతున్నాయి. ఒక ఇల్లాలు నాన్సీగారిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి విస్తరాకులో పులిహోర పెట్టేసింది. ఆవిడ మిరపకాయతో సహా తినేసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మా దగ్గర బయటి తిండి తెస్తే గేటులోనే లాక్కుంటాం. వీళ్ళు ముక్కూ మొహం తెలియనిదాన్ని కూర్చోబెట్టి ఆకు వేశారు" అంది.

నీళ్ళ కొలనులో ఆడవాళ్ళు చీరలతోనే దిగారు. ఒకాయన బెల్టూ ప్యాంటూ అన్నీ ఉంచుకుని మెడలోతు నీళ్ళలో నిలబడి, చేతి గడియారం మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. ఆయన్ని చూడడానికి నాన్సీగారు మళ్ళీ వెనక్కి నడిచింది. ఇంకో పక్క జెయింట్ వీల్ పైనుంచి ఒక ముసలమ్మ, "ఆపుర్రి! నేను దిగుత!" అని కేకేస్తే, యంత్రం ఆపి, ఆవిణ్ణి కిందికి దించి, మంచినీళ్ళిచ్చారు. ఆవిడ తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ ఎక్కింది.

"మా దగ్గర అరుపులు వినబడితే యంత్రం బాగా పనిచేస్తోందనుకుంటాం. మీరు నిజంగానే ఆపుతారే!" అంది నాన్సీగారు ఆశ్చర్యంగా.

ప్రతి మాటకీ నర్సింగరావు, "ఏమంటున్నరు? జర చెప్పుండ్రి సార్" అని నా మోచెయ్యి లాగేవాడు. "మెచ్చుకుంటున్నారండి" అనేవాణ్ణి. నిజమే కదా! ఆయన వేడి వేడి మిర్చిబజ్జీలు తెప్పించాడు. మూడో బజ్జీ దగ్గర, దుబాసీ పని చెయ్యడానికే నేను పుట్టానేమో అని కూడా అనిపించింది.

అప్పుడు వచ్చింది కొలంబస్. పడవ ఆకారంలో ఉండి, అటు కొసా ఇటు కొసా ఆకాశానికి లేపుతూ ఊగే ఉయ్యాల. మన ఎగ్జిబిషన్లలో మీరూ ఎక్కే ఉంటారు.

అది ఊగుతుంటే నాన్సీగారు నవ్వడం మానేసింది. చెవి ఒగ్గి నిలబడింది. పైకి వెళ్ళేటప్పుడు బాగానే ఉంది, కిందికి వచ్చేటప్పుడు "కిర్ర్... టక్" అంటోంది. పడవ ఆగి జనం దిగగానే ఆవిడ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, పడవని ఇనుప చట్రానికి బిగించిన చోట వేలు పెట్టింది. లేచి వచ్చినప్పుడు గొంతే మారిపోయింది.

"ఇక్కడ బోల్టు అరిగిపోయింది. వేలితో తిప్పితే తిరుగుతోంది. అది మార్చి గట్టిగా బిగించేదాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు. ఆయనకి చెప్పు. ఇప్పుడే."

"ఏమంటున్నరు సార్?" నర్సింగరావు మొహం కొత్త పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. ఆయన బజ్జీ నా పొట్టలో ఉంది. 'ఎవరి మనసూ నొచ్చుకోకూడదు' అన్న మాట నా బుర్రలో ఉంది. ఈ రెండింటి మధ్య నా నాలుక ఎటూ పోలేక,

"అంటే... బోల్టు... గట్టిగా..." అని నీళ్ళు నమిలింది.

"గట్టిగున్నదంటున్నరా!" అన్నాడాయన.

పాఠకులారా, నేను అవునని అనలేదు. తల ఊగింది. మెడతో దానికేమీ సంబంధం లేనట్టు, తనంతట తానే ఊగింది.

"చెప్పావా?" అంది నాన్సీగారు.

"చెప్పానండి."

"ఏమన్నాడు?"

"వెంటనే చర్య తీసుకుంటున్నారండి."

తీసుకున్నాడు. యంత్రం పక్కనున్న మైకు అందుకోగానే స్తంభాలకు కట్టిన స్పీకర్లన్నీ ఒక్కసారిగా మోగాయి. "అందరికీ మనవి! అమెరికా నుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ మేడం మన కొలంబస్ చూసిన్రు. మస్తు గట్టిగున్నదని చెప్పిన్రు. ఇగ ఫికర్ లేకుండ ఎక్కుండ్రి!"

పులిహోర డబ్బాలు మూతపడ్డాయి. కొలనులోంచి తడి చీరలు లేచాయి. పార్కు పార్కంతా మావైపు పరుగెత్తుకొచ్చింది.

"వీళ్ళంతా ఎందుకొస్తున్నారు?" అంది నాన్సీగారు. జవాబు వెతుక్కునేలోగానే నర్సింగరావు నా భుజం పట్టి, "మొదటి ట్రిప్పుల మీరే కూసోవాలె సార్! మా ఇజ్జత్ నిలబెట్టిన్రు!" అంటూ ఎత్తినంత పనిచేసి పడవలో పడేశాడు. అదీ కొసన. అన్నిటికంటే ఎత్తుకు లేచే చోట.

నా ముందు వరసలన్నీ పిల్లలే. నా పక్కన ఇంకో ముసలమ్మ. అడ్డకడ్డీ ఒళ్ళోకి దిగి టక్కున పడింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవకూడదంటారు. ఆ మాట అన్నాయన తల ఎప్పుడూ రోట్లో పెట్టి ఉండడు.

నాన్సీగారు నన్ను చూసింది, నిండిపోయిన పడవని చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. పరుగున వెళ్ళి, యంత్రం నడిపేవాణ్ణి పక్కకి తోసి, లివరు రెండు చేతులతో కౌగిలించుకుంది.

"మేడం సొంతంగ నడుపుతరంట! సప్పట్లు!" అన్నాడు మైకులో నర్సింగరావు.

ఈలలు, చప్పట్లు. ఆవిడ "నో! నో!" అని అరుస్తోంది. జనం అదేదో అమెరికా నినాదం అనుకుని, "నో! నో!" అంటూ తాళం వేశారు. నేనిక ఆగలేకపోయాను.

"ఆపండి! బోల్టు ఊడిపోతోంది! ఆవిడ చెప్పింది అదే! నేనే తప్పు చెప్పాను! అందరూ దిగండి!"

నవ్వులే నవ్వులు. "పోరడు బయపడ్డడ్రో!" అని ఎవరో అరిచారు. అబద్ధం తల ఊపితేనే నమ్మిన జనం, నిజం గొంతు చించుకున్నా నమ్మలేదు. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "బయపడకు బిడ్డా, కండ్లు మూసుకో, అయిపోతది" అని ఓదార్చింది.

ఇక సిగ్గూ శరమూ లేదు. కడ్డీ కిందనుంచి పాముకుంటూ దూరి, చొక్కా చిరుగుతుంటే చిరగనిచ్చి, తలకిందులుగా కింద పడ్డాను. లేచి నర్సింగరావు చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి, ఆయన వేలు ఆ బోల్టు మీద పెట్టాను. "మీరే తిప్పండి."

ఆయన నవ్వుతూనే తిప్పాడు. తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. బోల్టు చేతిలోకి వచ్చేసింది.

అరచేతిలో బోల్టు చూసుకున్నాడు. తలెత్తి పిల్లల్ని చూశాడు. మైకు అక్కడే పడేసి, తానే వెళ్ళి, ఒక్కొక్క పిల్లనీ చంకలో పెట్టుకుని దించాడు. చివరికి ముసలమ్మని కూడా. అంతా దిగాక నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఇదా గట్టిగున్నది?"

"గట్టిగా బిగించాలన్నారండి. మీరు మధ్యలోనే..."

"మీరు తల ఊపిన్రు గద!"

"ఊపానండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాన్సీగారి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. కొలంబస్‌కి గొలుసు చుట్టి తాళం వేసేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. తిరుగు దారిలో కారు అద్దం మీద వేళ్ళతో టకటకా కొడుతూ కూర్చుంది. నా ఉద్యోగం కోకాపేట బండల మధ్యే ఎక్కడో జారిపోయిందని నిశ్చయించుకున్నాను.

సోమవారం ఓబుళరెడ్డిగారి గదిలో నాన్సీగారు ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ చెప్పుకుపోయింది. పార్కు ముచ్చటగా ఉందట. అంత సంతోషంగా ఉండే జనాన్ని ఎక్కడా చూడలేదట. ప్రోగ్రాం కూడా బాగుందట. కానీ ఈ కుర్రవాణ్ణి మాత్రం ఇంకెప్పుడూ ఎవరి మధ్యా దుబాసీగా పెట్టొద్దట. నొప్పిస్తానేమో అన్న భయంతో మాటల్నే మార్చేస్తాడట.

ఓబుళరెడ్డిగారు చివరిదాకా తల ఊపి, నావైపు తిరిగారు. "ఏమంటాందప్పా?"

కళ్ళు మూసుకున్నాను. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాలి, ఏమైతే అదే అవుతుంది.

"పార్కు బాగుందంటున్నారండి. మన ప్రోగ్రామూ బాగుందంటున్నారండి. నేను మాత్రం దుబాసీ పనికి అస్సలు పనికిరానంటున్నారండి. మాటలు మార్చేస్తానట. ఇంకెప్పుడూ నన్ను పెట్టొద్దంటున్నారండి."

ఓబుళరెడ్డిగారు నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ కదిలేలా నవ్వారు.

"ఓరి నీ వినయం తగలెయ్య! ఆయమ్మ అంతసేపు పొగిడితే చెప్పుకోను సిగ్గుపడి ఇట్లా తిప్పుతాన్నావా? తన్ను తాను ఇంత తిట్టుకునేటోణ్ణి యాడా సూడలేదప్పా! నువ్వు పర్మనెంట్. ఇంగ ఏ దేశం నుంచి ఎవురొచ్చినా దుబాసీవి నువ్వే!"

"ఏమంటున్నారు?" అంది నాన్సీగారు.

ఆవిడకి ఏం చెప్పానన్నది నాకూ ఆవిడకీ మధ్యే ఉండనివ్వండి. ఆ రోజే ఓబుళరెడ్డిగారి టేబుల్ మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: ఒకరి మాట ఇంకొకరికి మోసేటప్పుడు దారిలో పంచదార కలపను, వాక్యం చివరిదాకా చెప్పనిదే తల ఊపను. మీరెప్పుడైనా నన్ను ఏదైనా అడిగినప్పుడు నేను తలని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కనిపిస్తే, తలనొప్పి అనుకుని మాత్ర ఇవ్వకండి. వాక్యం పూర్తి చేస్తున్నానంతే.