ఆరువందల నలభై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు

విమానాశ్రయంలో విచారణ కౌంటర్ దగ్గర నా పక్క కుర్చీ నిమిషాలయ్యది. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది, అంతే. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో, ఎగిరితే ఎంతసేపో కంప్యూటర్ వంక చూడకుండానే చెప్పేవాడు. నేను ఎవరికైనా "రెండు గంటలు పడుతుందండీ" అన్నానో, "గంటా యాభై రెండు. నోటికొచ్చింది చెప్పకు" అని ప్రయాణికుల ముందే గడ్డి పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇరవై ఆరేళ్ళుగా లోకాన్నంతా సాగనంపుతున్న ఆ మనిషి, తను మాత్రం విమానం ఎక్కిన పాపాన పోలేదు.

చివరికి ఎక్కాల్సి వచ్చింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న ఒక్కగానొక్క కూతురికి గుండె ఆపరేషన్. వాళ్ళమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్ళే తిరిగి రాలేదు. అందుకే నాన్న వస్తేనే లోపలికి వెళ్తానని ఆ పిల్ల మొండికేసింది.

"ఆపరేషన్ తొమ్మిదిన్నరకి కదా? ఏడింటికి విమానం. ఆరువందల నలభై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. తొమ్మిదికల్లా నీ పక్కనుంటా," అని నా ఎదుటే ఫోన్‌లో మాటిచ్చాడు.

"ముందురోజే వెళ్ళొచ్చుగా బాబాయ్?" అన్నాను.

"లెక్క తెలిసినవాడికి తొందరెందుకమ్మాయ్!"

తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు. విమానం సమయానికే లేచింది. దిగాల్సిన వేళకి చూస్తే కింద సున్నం కొట్టినట్టు పొగమంచు. విమానం ఊరి మీదే చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆయనది కిటికీ పక్క సీటు, అవతల ఇద్దరూ మంచి నిద్రలో ఉన్నారు. బెల్టు విప్పకూడదు, ఫోన్ కలవదు. కూతురు సరిగ్గా తన కాళ్ళ కిందే ఎక్కడో ఉంది, తను గానుగెద్దులా తిరుగుతున్నాడు. ఊపిరాడలేదట.

"ఇంకా ఎంతసేపమ్మా?" అని విమానంలో పనిచేసే అమ్మాయిని అడిగాడు.

"చెప్పలేమండీ," అంది. ఆ మాటకి ఏడుపొచ్చిందట.

తొమ్మిదీ ఇరవైకి చక్రాలు నేలను తాకాయి. హమ్మయ్య అనుకునేలోపే, మెట్లు వచ్చేదాకా ఎవరూ లేవొద్దన్నారు. ఫోన్ తెరవగానే మోగింది.

"నాన్నా, ఎక్కడున్నావ్? స్ట్రెచర్ మీద పడుకోబెట్టేశారు. డాక్టర్ ఇక ఆగనంటున్నారు. నువ్వు రాకుండా నేను వెళ్ళను."

ఆస్పత్రి అక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు.

"కిందే ఉన్నానమ్మా, లిఫ్ట్ దగ్గర. వాచ్‌మన్ పైకి పోనివ్వట్లేదు. నువ్వు లోపలికెళ్ళు, నేను తలుపు బయటే కూర్చుంటా."

"నిజంగా వచ్చేశావా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా తల్లీ?"

"సరే నాన్నా," అని ఫోన్ పెట్టేసింది. మెట్లు రావడానికి ఇంకో ముప్పావుగంట పట్టింది. అంతసేపూ బెల్టు పెట్టుకునే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కళ్ళు తెరిచాక, "నువ్వు బయటున్నావన్న ధైర్యంతోనే వెళ్ళాను నాన్నా" అందట కూతురు. ఆయన ఊఁ కొట్టాడు. ఇది జరిగి మూడేళ్ళు. ఆ పిల్ల ఆ మాట ఎత్తినప్పుడల్లా ఊఁ కొడుతూనే ఉన్నాడు.