కాణిపాకానికి ఒకే ఆటోలో

మామిడి కోతలు అయిపోయిన వారం, సోమవారం, పొద్దున ఆరుముక్కాలుకు మా గేటు ముందర ఆటో నిలబడింది. అందులో డ్రైవరు పక్కన అప్పటికే కూర్చోనుండిన మనిషిని చూసి నా మనవరాలు నా కొంగు వెనకాలకు పోయింది. మా ఇంట్లో ఒకరి తల తీస్తానన్న మనిషి ఆయనే.

ఆయనేమీ పరాయివాడు కాదు, నా మరిది కొడుకు. నా మనవరాలికి చిన్నాయన. రెండిళ్లూ పక్కపక్కనే, రెండు మామిడితోపులూ పక్కపక్కనే, నడుమ గట్టురాయి. ఆ రాయిని నా కొడుకు జరిపినాడని ఆయన, జరపలేదని వీడు. కోతలప్పుడు ఒక సాయంత్రం బాగా తాగేసి, కొడవలి పట్టుకోని మా గేటు కాడికొచ్చి ఆ మాట అనేసి పోయినాడు. పాప అప్పుడు వాకిట్లో నాకు చదువు చెప్తా ఉండింది. అరవై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని, నాకు అదే అయివారు.

మరుసటి దినం నుంచి బడికి పోనంది. బడి బస్సు కాడికి పోవాలంటే ఆయన ఇంటి ముందరే పోవాల.

దాని భయం పోగొట్టేదానికి మేము ముగ్గురం మూడు అబద్ధాలు చెప్పినాము. చిన్నాయన నాటకం మాటలు నేర్చుకుంటా ఉండాడని నా కొడుకు. ఆయన గొర్రెను గురించి అన్నాడులే అని కోడలు. కొడవలి ఉండేది గడ్డి కోసేదానికని నేను. పాప అందరి మాటా విని, అట్లయితే గేటుకు తాళమెందుకు వేసినారని అడిగింది. 

ఇంక ఆ అబద్ధాలు నా వల్ల కాలేదు. చింతపండు గింజలు తీస్తా దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

“ఎవురి తల తీస్తాడు అవ్వా?” అనింది.

“నాదైతే సులువు. ఎట్లాగూ పండిపోయింది, కొంచెం లాగితే ఊడొస్తాది.”

నవ్వింది. నవ్వినప్పుడే చెప్పాలని చెప్పేసినాను. “నాకూ బయమే పాపా. తాగితే ఆయన చెయ్యి ఆయన మాట వినదు, అందుకే తాళం. తాగకుంటే కోడి అరిచినా ఉలిక్కిపడే మనిషి. పెద్దమనుషులకు చెప్పినాం, స్టేషన్లోనూ చెప్పినాం. ఎవురు బుద్ధి చెప్పినా రేపు పక్కింట్లో ఉండేది ఆయనే గదా. అందుకే పెద్దమనుషులు చెప్పినట్ల సోమవారం రెండిళ్లవాళ్లమూ కాణిపాకం పోతా ఉండాం.”

మా పక్క తాగుడైనా, గట్టు తగవైనా తెగకపోతే కాణిపాకమే. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందర ప్రమాణం చేయాల. కోర్టులో అబద్ధమాడేవాళ్లు కూడా ఆ సామి ముందర ఆడరు, ఆడ చెప్పినదాన్ని అవతలివాళ్లు ఒప్పుకోవాల్సిందే.

ప్రమాణం చేస్తే చిన్నాయన మారిపోతాడా అనింది. మారితే మంచిది, నాకు తెలియదు అన్నాను. తెలియనిదాన్ని తెలుసునని పిల్లకాయలకు చెప్పకూడదు, దొరికిపోతాం.

ఒక బండిలో పోవాలని మేమేమీ అనుకోలేదు. తగవులో ఉండేవాళ్లు ఎవరు పోతారు అట్లా? కానీ మా ఊళ్లో ఉండేది ఒకే ఆటో. ఆయన పెళ్లామూ నేనూ ఒకరికి తెలియకుండా ఒకరం దాన్నే మాట్లాడుకున్నాం. ఆటో అబ్బి ఇద్దరికీ సరేననేసినాడు. “పొయ్యేది ఒక సామి కాడికే గదా అవ్వా, ఎక్కండి” అన్నాడు.

ఆడవాళ్లం వెనక ఇరుక్కున్నాం, పాప నా ఒళ్లో. డ్రైవరుకు ఆ పక్క నా కొడుకు, ఈ పక్క ఆయన, ఇద్దరికీ సగం సగం సీటు. రోడ్డు గుంటలమయం. ఒక మలుపు కాడ నా కొడుకు జారిపోబోతే ఆయన డ్రైవరు వీపు వెనక నుంచి చెయ్యి చాపి వీడి చొక్కా పట్టుకున్నాడు. “అన్నా, గట్టిగా పట్టుకో” అన్నాడు. తగవు పడినాక వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాట అది. కాణిపాకం వచ్చిందాకా చొక్కా వదల్లేదు. ఆ చేతినే పాప కన్నార్పకుండా చూస్తా ఉండింది.

కోనేట్లో మునిగి వచ్చినాక నా కొడుకు రాయి జరపలేదని గబగబా చెప్పేసినాడు. ఆయన వంతు వచ్చేసరికి ఒక అడుగు వెనక్కేసినాడు. నీళ్లు కారతా, పంచె కొస పిండుకుంటా నిలబడినాడు. పాప నా చెయ్యి విడిపించుకోని పోయి, ఆయనకు కొంచెం ఎడంగా నిలబడింది.

“నీకూ బయమేనా చిన్నాయనా?”

“బయమే పాపా. చెప్పినాక మాట తప్పితే సామి ఊరుకోడు.”

“చెప్పు. నేనూ వింటాను.”

ఇంక తాగనని, కొడవలి పట్టుకోని ఎవురి వాకిటికీ పోనని చెప్పినాడు. పాప అంతటితో వదల్లేదు. నేను బడికి పొయ్యేటప్పుడు కొడవలి అరుగు మీద కనపడకూడదు, అదీ చెప్పు అనింది. వినాయకుడి ముందర అదీ చెప్పినాడు. ఆయన పెళ్లాం కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది.

మరుసటి పొద్దున పాప బడికి పోయింది. ఆయన ఇంటి ముందర ఆగి అరుగంతా పారజూసి మరీ పోయింది. నేను ఇప్పటికీ బస్సు దాకా తోడు పోతాను. గేటు తాళం కూడా పారేయలేదు, సామి పని సామిది, నా పని నాది.

ఆ సోమవారం కాణిపాకంలో ఉండినోళ్లం: నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు, నా మరిది కొడుకు, ఆయన పెళ్లాం, మమ్మల్నందరినీ ఒకే బండిలో కుక్కిన ఆటో అబ్బి.