పన్నెండు తప్పుల ఎపిసోడ్

మా మేనకోడలి గొంతు గురువారం మధ్యాహ్నం పోయింది. కారణాలు రెండు. ఒకటి, బడిలో ఆటల పోటీలు. రెండు, టీవీలో వచ్చే ఒక సూపర్‌హీరో గాల్లోకి లేచే ముందు వేసే కేక. పోటీలో ఎవరు పరిగెత్తినా మా పిల్ల ఆ కేకే వేసిందట. అమలాపురంలో డాక్టరు గారు నోట్లోకి లైటు వేసి చూసి, మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. ఇంట్లో అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. శుక్రవారం సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

మా బావగారు కువైట్‌లో ఏసీలు బాగుచేస్తారు. సెలవు శుక్రవారం. మన టైము ప్రకారం సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ చేస్తారు. ఆయన వెళ్లిన మొదటి ఏడాది ఆ కాల్ ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. "తిన్నావా అమ్మా?" "తిన్నాను." "ఏం కూర?" "పప్పు." "బాగా చదువుతున్నావా?" "ఆయ్." నలభై సెకన్లు. పిల్ల ఫోను అక్క చేతిలో పెట్టి పెరట్లోకి పోయేది. బావగారు మాత్రం అక్కతో మాట్లాడుతూ, పిల్ల మళ్లీ వస్తుందేమోనని తెరలో ఓ పక్కకి చూస్తుండేవారు.

ఆ తర్వాత ఈ హీరో వచ్చాడు. శుక్రవారం ఆరింటికి కొత్త ఎపిసోడ్. ఏడింటికల్లా పిల్ల తండ్రికి కథంతా అప్పజెబుతుంది, ఆయన ఊ కొడతారు. ఊ ఆగితే కథ ఆగుతుంది, అది మా ఇంటి పద్ధతి. నెట్‌వర్కు వల్ల ఊ రెండు సెకన్లు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, హీరో బిల్డింగు మీంచి పడిపోయినందుకు కొట్టిన ఊ, లేచి నిలబడ్డాక వినిపిస్తుంది. అయినా ఇరవై నిమిషాలు నడుస్తుంది. నలభై సెకన్లతో పోలిస్తే ముప్పై రెట్లు.

"ఈ వారం కథ లేకపోతే మళ్లీ పప్పు దగ్గరికొచ్చేస్తారురా వీళ్లిద్దరూ," అంది అక్క. "నువ్వు కూడా కూర్చుని చూడు. మీ బావకి నువ్వే చెప్పు."

పిల్ల రఫ్ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: "మావయ్యా, కథ చెప్పు. తప్పులు చెప్పకు."

ఆ షరతు ఎందుకంటే, ఫోన్లలో వాడే యాప్‌లలో తప్పులు వెతికి, నంబర్లు వేసి రాసి పంపడమే నా ఉద్యోగం. ఇంటి నుంచే చేస్తాను. సాయంత్రం ఆరయితే ఆపేయాలన్నది నియమం. బుర్రకి ఆ నియమం తెలియదు.

ఎపిసోడ్ ఇది. హీరో పగలు జ్యూస్ షాపులో పనిచేస్తాడు. ప్రమాదం వస్తే షాపు వెనక్కి వెళ్లి మూడుసార్లు గిరగిరా తిరుగుతాడు, నీలం బట్టలు వచ్చేస్తాయి. జ్యూస్ కోసం నిలబడ్డవాళ్లు ఏమైపోయారో చూపించరు (ఒకటో తప్పు). విలన్ ఒక శాస్త్రవేత్త. తల చుట్టూ గాజు గిన్నె ఉంటుంది, అన్నం ఎలా తింటాడో తెలియదు (రెండు). ఈ వారం ఆయన కొండంత అయస్కాంతం తయారుచేసి ఊళ్లోని ఇనుమంతా లాగేసుకుంటున్నాడు. ఎందుకని హీరో అడిగితే, "ఎందుకంటే నేను దుష్టుణ్ణి కనుక," అన్నాడు. తెలుగులోకి మార్చినవారు అక్కడ కాఫీకి వెళ్లి ఉంటారు. ఇనుముతోపాటు అల్యూమినియం బిందెలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, చెరుకు గెడ కూడా ఎగిరి వచ్చాయి. మూడు, నాలుగు, ఐదు.

తర్వాత నలభైమంది పిల్లలున్న స్కూలు బస్సు వంతెన మీంచి అయస్కాంతం వైపు లేచింది. హీరో దాన్ని ఒక్క చేత్తో పట్టుకున్నాడు (ఈ బస్సు దగ్గరే తప్పులు పదికి చేరాయి). అతని బెల్టు బకిలు ఇనుముది కాబట్టి అతనూ పోయి అతుక్కున్నాడు. బెల్టు తీస్తే శక్తి పోతుంది, తీయకపోతే ఊడి రాడు. ఇది మాత్రం నిజంగా మంచి చిక్కు. నేను కూడా ముందుకు వంగి చూశాను. అక్కడ ప్రకటనలు వచ్చాయి. ప్రకటనల తర్వాత బస్సులో పిల్లలు ఒక పాట పాడారు, ఆ పాటకి అయస్కాంతం పగిలిపోయింది. పదకొండు. చివర్లో పోలీసులు విలన్ని అదే బస్సులో, ఆ పిల్లల పక్కనే ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. పన్నెండు.

ఏడింటికి ఫోను మోగింది. నేను, పక్కనే పిల్ల, నా చేతిలో తప్పులు రాసుకున్న కాగితం.

"ఏమండి బావా, మా అమ్మాయికి గొంతు పోయిందంటగా. మీరు చెప్తారంట," అన్నారు బావగారు.

చెప్పాను. మొదటి రెండు నిమిషాలు షరతు ప్రకారమే నడిచింది. బిందెలు ఎగిరేసరికి ఉండబట్టలేకపోయాను.

"అసలు అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు కదా బావగారూ."

"ఆయ్."

"ప్లాస్టిక్ కుర్చీ అయితే మరీను."

"ఆయ్, నిజమేనండి."

మా వైపు మర్యాదలో ఇదొక లోపం. వినేవారికి విసుగొచ్చిందన్న సంగతి చెప్పేవారికి ఎప్పటికీ తెలియదు. ఆయన ఆయ్ అంటున్నంతసేపూ నేను ఒకటి తర్వాత ఒకటి చదువుతూ పోయాను. ఎనిమిదో తప్పు దగ్గర పిల్ల వైపు చూశాను. అది నేను చెప్పేది వినడం లేదు, తండ్రినే చూస్తోంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు, చూపు మాత్రం పక్కనెక్కడో ఉంది. పిల్ల లేచింది. పెరటి గుమ్మం వైపు పోతుందనుకున్నాను. అక్క కూడా అదే అనుకున్నట్టుంది, వంటింట్లోంచి తొంగిచూసింది.

పిల్ల నా చేతిలోని కాగితం లాక్కుని మంచం కింద పడేసింది. ఫోను తీసి కిటికీ ఊచలకి ఆనించి, భుజాలకి తువ్వాలు కట్టుకుని మంచమెక్కింది. రెండు చేతులూ చాచి గాల్లోంచి ఏదో బలంగా లాగడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా అది?" బావగారు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. "అవునైతే ఒకసారి చప్పుడు చెయ్యి, కాదైతే రెండుసార్లు. నుయ్యి తోడుతున్నావా?"

మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో రెండు దెబ్బలు.

"వల లాగుతున్నావా? పెద్ద వలా?"

చెంచా గాల్లో ఆగింది. అయస్కాంతమని నాకు తెలుసు, పిల్లకీ తెలుసు. కాసేపు ఆలోచించి ఒకటే కొట్టింది.

"కాదు బావగారూ, అది–" అన్నాను.

"మీరుండండి బావా," అన్నారాయన. పదేళ్లలో నన్ను అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. "సరే, వలేసేరు. ఎవరు, ఆ గాజు గిన్నాయనేనా? ఆయనా? అయితే దేనికేసేరు?"

పిల్ల బస్సు స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులు ఆడించింది.

"పంటు నడుపుతున్నారా? సఖినేటిపల్లి రేవులోనా? ఓలమ్మో, పంటు మీదే వలేసేరా? జనం ఉన్నారా దాని మీద?"

ఒక దెబ్బ. పంటంటే మా రేవులో జనాన్నీ బళ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ. ఆయన ఇక ఆగలేదు. వాన మొదలైందన్నారు, పంటు ఇంజను ఆగిపోయిందన్నారు, నరసాపురం గట్టు మీద జనం తువ్వాళ్లు ఊపుతున్నారన్నారు. అన్నీ పిల్ల సైగల్లోంచి కనిపెట్టినట్టే అంటారు, అన్నీ ఆయనే కల్పిస్తారు. మంచం మీద పిల్ల ఆయన ఏమంటే అది చేసేది. హీరో రేవులో కొబ్బరిచెట్టుకి మోకు కట్టి పంటుని ఒడ్డుకి లాగాడు. తుఫానుకి కూడా వంగని చెట్టని బావగారు ప్రత్యేకంగా చెప్పారు. నా లెక్కలో దానికే ముప్పై తప్పులుంటాయి. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, అక్క చూస్తోందని ఆపేశాను.

గంట పావు మాట్లాడారు. పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు కాబట్టి మాట్లాడారనడం సరికాదేమో. అలిసిపోయి, తువ్వాలు విప్పకుండానే నీళ్లు తాగడానికి వెళ్లింది.

బావగారు గొంతు తగ్గించి అడిగారు. "ఏమండి బావా, ఇంతకీ టీవీలో అసలేం జరిగిందండి?"

కాగితం మంచం కింద ఉంది. దాని అవసరం కూడా లేదు, పన్నెండూ నాకు నోటికొచ్చు.

"మీరు చెప్పినట్టే జరిగింది బావగారూ," అన్నాను.

"ఆయ్, నేననుకున్నానండి," అన్నారాయన, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. "ఆ మోకు దగ్గరే నాకు అర్థమైపోయింది."